పెదవి మీద పతకం

మొన్న శుక్రవారం పొద్దున్నే మాస్టారు పోయారని సౌదీలోని యాన్బు పాతకాపుల వాట్సాప్ గుంపులో కబురొచ్చింది. నేను కాఫీ తాగేలోపు చేతులు జోడించిన బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. "మా పిల్లలకు సంగీత భిక్ష పెట్టిన మహానుభావుడు" అని ఒకాయన రాశాడు. "ఆయనే లేకపోతే ఆ ఎడారిలో మా పిల్లలు ఏమైపోయేవారో" అని ఇంకొకావిడ. ఏమైపోతారమ్మా? శుభ్రంగా టీవీ చూసుకునేవాళ్ళు. మా ఆవిడ సరోజ నా భుజం మీంచి తొంగిచూసి, "మీరు కూడా ఏదో ఒకటి పెట్టండి, బాగోదు" అంది. నేను ఫోను బోర్లా పెట్టేశాను. ఆయన బతికున్నంత కాలం ఆయన గురించి ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు నేను. ఇవాళ అంటే ఆయన కూడా నమ్మడు.

అసలు ఆయన మాస్టారే కాదు. మా ప్లాంటు స్టోర్సులో సీనియర్ కీపరు. బోల్టులు, వాల్వులు, చేతి తొడుగులు ఇచ్చే కిటికీ వెనకాల ఇరవయ్యేళ్ళు కూర్చున్న మనిషి. గోదావరి జిల్లా వాడు కాబట్టి ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ 'మాస్టారూ' అని పిలిచేవాడు. జనం అదే పిలుపు తిరిగి ఆయనకి అంటగట్టారు. కొన్నాళ్ళకి అది నిజమేనని ఆయన నమ్మేశాడు.

మేం వెళ్ళకముందు మా కాంపౌండులో ఉండిన విదేశీ కాంట్రాక్టరు మనుషులు ప్రాజెక్టు ముగించుకుని పోతూ పోతూ, హాల్లో ఒక బీరువా నిండా వాయిద్యాలు వదిలేసి పోయారు. అయిదు ట్రంపెట్లు, రెండు క్లారినెట్లు, నాలుగు డ్రమ్ములు. ఆ బీరువా తాళం స్టోర్సు మనిషి చేతికొచ్చింది. అంతే, బ్యాండు పుట్టింది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. బ్యాండులో ఆయన సైడ్ డ్రమ్ము వాయించాట్ట. ట్రంపెట్ ఎప్పుడైనా నోట పెట్టుకున్నారా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, బుద్ధి లేక.

అప్పట్లో, అంటే రెండువేల అయిదు, ఆరు ప్రాంతంలో, అక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. గురువారం సాయంత్రం నాలుగున్నరకి పిల్లల్ని తీసుకుని హాలు ముందు ఎండలో నిలబడాలి మేం. ఆయన అయిదు నిమిషాలు ఆలస్యంగా, నడుముకి వేలాడే తాళాల గుత్తి ఒక చేత్తో పట్టుకుని వచ్చేవాడు. ఆ గుత్తిలో హాలు తాళంచెవి ఏదో ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా ఒక్కొక్కటే తీసి, వెలుగులో తిప్పి చూసి, "ఇది కాదండీ... ఇదీ కాదండీ..." అనేవాడు. మేం చచ్చినట్టు చూస్తూ నిలబడేవాళ్ళం.

లోపల కిటికీలన్నిటికీ అట్టపెట్టెలు, వాటి మీద దుప్పట్లు. ఆ దేశంలో బయట సంగీతం కూడదు, వాయిద్యాల చప్పుడు గోడ దాటకూడదు. అది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆయన మాత్రం వారం వారం మాట్లాడేవాడు. "బయటికి ఇనపడిందంటే నా మెడకి చుట్టుకుంటాదండీ. మీకేటండీ, హాయిగా ఇంటికెళ్ళి బిర్యానీ తింటారు." ఆ ఒక్క మాటతో మా నోళ్ళన్నీ కట్టేసేవాడు. మెడ ఆయనది కాబట్టి మాట కూడా ఆయనదే.

పిల్లలు వాయిస్తుంటే కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యమధ్యలో ఎడమకన్ను కాస్త తెరిచి, తను తన్మయుడవుతున్న తీరు ఎవరైనా చూస్తున్నారో లేదో చూసుకునేవాడు. పాట అయ్యాక ఒకటే తీర్పు: "గాలి చాల్లేదండీ." తొమ్మిదేళ్ళ పిల్లకైనా అండీయే. గాలి ఎందుకు చాల్లేదో, ఎట్లా చాలించాలో చెప్పిన పాపాన పోలేదు. ఒకసారైతే డ్రమ్ము కొట్టే కుర్రాడికి కూడా గాలి చాల్లేదన్నాడు. ఆ కుర్రాడి తండ్రి బాషా, మా కంపెనీ వ్యాను డ్రైవరు, ప్రొద్దుటూరు మనిషి. బయటికొచ్చి నా చెవిలో, "ఏంది సార్, డ్రమ్ముకు గాలేంది? టైరా అది?" అన్నాడు. ఆ వారమంతా నేను తలుచుకుని తలుచుకుని నవ్వాను.

సాయంత్రం నమాజుకి పిలుపు వినపడగానే వాయిద్యాలు కింద పెట్టేవాళ్ళు. ముస్లిం పిల్లలు పక్క గదిలోకి వెళ్ళేవాళ్ళు, మిగతావాళ్ళు మంచినీళ్ళు తాగి కూర్చునేవాళ్ళు. ఆ పావుగంట విశ్రాంతి కూడా ఆయన పిల్లలకి మిగల్చలేదు. క్రమశిక్షణ మీద ఉపన్యాసం. తను చదువుకునే రోజుల్లో ఎంత దూరం నడిచి కాలేజీకి పోయాడో, ఇప్పటి పిల్లలు ఏసీల్లో ఎట్లా చెడిపోతున్నారో. ఆ నడిచిన దూరం నెలనెలా పెరుగుతుండేది.

ఇంటికొస్తే ఇంకా దుర్భరం. చెప్పాపెట్టకుండా వచ్చి, ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, రిమోటు తీసుకుని తనకి కావలసినంత చల్లదనం పెట్టుకునేవాడు. సరోజ టీ ఇస్తే ఒక గుక్క తాగి, "మా ఇంట్లో అల్లం దంచి ఏస్తారండీ" అనేవాడు. మూడు కప్పులు తాగేవాడు, అల్లం లేకుండానే!

ఇదంతా భరించాం. ఎందుకంటే మా ప్రసన్నకి ట్రంపెట్ అంటే ప్రాణం. పదమూడేళ్ళది, ఎనిమిదో తరగతి. బ్యాండులో మొదటి ట్రంపెట్ అదే. రెండోది ఆయన చిన్నకూతురు లలిత, మా దాని క్లాసే, నోట్లో నాలుక లేని పిల్ల. ఇద్దరూ ఒకే టిఫిను డబ్బాలో తినేవాళ్ళు. ట్రంపెట్లు ఇంటికి ఇవ్వడు కదా ఆయన, నోటికి ఆనించే మౌత్‌పీస్ ఒక్కటే ఇచ్చేవాడు. ప్రసన్న అది ఊదుతూ ఇల్లంతా తిరిగేది. పక్క ఫ్లాటు వాళ్ళకి వినపడకుండా బట్టల బీరువాలో తల దూర్చి, నా ప్యాంట్ల మధ్య నిలబడి ఊదేది. నాకు సంగీతం ఒక్క ముక్క తెలియదు. కానీ నా కూతురు ఒక పనిని అంతగా ఇష్టపడటం అదే మొదటిసారి, అది మాత్రం తెలుసు.

ఇక ఆ పెదవుల సంగతి. పై స్వరం పలక్కపోతే ఆయన పిల్లల వెనకాల నిలబడి, ట్రంపెట్ వెనక్కి, మొహం మీదికి నెట్టేవాడు. "నొక్కండీ, ఇంకా నొక్కండీ! పళ్ళకి ఆనాలండీ!" గంట గడిచేసరికి ట్రంపెట్ పిల్లల పెదాల మీద ఎర్రగా గుండ్రటి అచ్చు పడేది. లోపలి వైపు పళ్ళు గుచ్చుకుని చర్మం తెగేది. ప్రసన్న ఆ రాత్రి చారన్నం తినలేక పెరుగన్నం తినేది. సరోజ వెన్న రాస్తూ, "ఏందండీ ఇది? పాట నేర్పుతున్నాడా, పళ్ళు పీకుతున్నాడా?" అని నా మీద విరుచుకుపడేది. ఒకసారి ఆయన్నే అడిగాను. "అది పతకం అండీ! ఆ గుర్తు పడితేనే ట్రంపెట్ వచ్చినట్టండీ," అన్నాడు, ప్రసన్న గడ్డం పట్టుకుని అందరికీ చూపిస్తూ. పిల్లలు నిజమేననుకుని, ఎవరి పతకం పెద్దదని అద్దంలో చూసుకునేవాళ్ళు. ఎదురు చెప్దామనుకున్నాను. కానీ తాళంచెవి ఆయన దగ్గరుంది. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

ఏప్రిల్ వచ్చేసరికి వేసవి క్యాంపుల మాట మొదలైంది. బళ్ళకి సెలవులిచ్చే రెండు నెలల్లో ఎటూ కుటుంబాలు ఇండియా వెళ్తాయి. పిల్లలు మూడువారాలు ఎక్కడైనా సంగీతం క్యాంపులో ఉంటే బాగుంటుందని తల్లులు అనుకున్నారు. ఆయన తన ఇంట్లో మీటింగు పెట్టి, ఒక రంగుల కాగితం అందరికీ పంచాడు. హైదరాబాదులో క్యాంపట. చివరిరోజు పెద్ద స్టేజీ, పిల్లలకి బంగారు గుండీల ఎర్రకోట్లు, సర్టిఫికెట్లు. తీసుకొచ్చిన గురువుకి శాలువా కప్పుతారట. ఆ చివరి ముక్క ఆయన చదవలేదు, నేను చదివాను.

నేను ఆఫీసులో ఇంటర్నెట్టు వెతికి ఇంకో కాగితం ముద్రించుకుపోయాను. నీలగిరుల్లో, కూనూరులో, సైన్యంలో బ్యాండు మాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లోనే నడిపే క్యాంపు. పన్నెండుమంది పిల్లలకంటే తీసుకోడు. స్టేజీ లేదు, కోట్లు లేవు. ఊదే వాయిద్యాల పిల్లలకి పెదవి, ఊపిరి మొదటినుంచీ సరిచేస్తామని ఒక్క వాక్యం ఉంది. ప్రసన్న ఆ వాక్యం వేలు పెట్టి రెండుసార్లు చదివి, "నాన్నా, నాకు ఇదే కావాలి" అంది. పై ఏడాది తొమ్మిది, ఆపైన పది. ఇక సెలవులన్నీ ట్యూషన్లకే పోతాయి. దాని పెదవి బాగుపడాలంటే ఉన్నది ఈ ఒక్క వేసవే.

మాస్టారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, "అక్కడ చలండీ. పిల్లల పెదాలు పగిలిపోతాయండీ," అన్నాడు. ఈ మాట ఆ మనిషి నోటినుంచి! నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. మిగతా తల్లిదండ్రులు ఎర్రకోట్ల వైపు మొగ్గారు. నేను మాత్రం మా అమ్మాయి కూనూరే వెళ్తుందన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. ఆయన ఒక్కసారి నవ్వి, "మీ ఇష్టం అండీ. ఫారం నింపి నాకిచ్చెయ్యండి. అందరివీ నేనే పంపిస్తానండీ" అని చెయ్యి చాచాడు.

ఇచ్చేశాను. ఇదిగో, ఇదే మా జబ్బు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటుంది. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఇకామా, మార్చాలంటే మందూబ్, అంటే కంపెనీ తరఫున సర్కారు కాగితాల పని చూసే మనిషి, వాడి చేతిలో పెట్టాలి. ఇంటికెళ్ళాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ ఫారం నింపి కిటికీలోంచి లోపలికి తోసి, అది ఎప్పుడు బయటికొస్తే అప్పుడు దండం పెట్టి తీసుకోవాలి. ఏళ్ళ తరబడి అట్లా బతికి బతికి, మన కాగితం మనమే కవర్లో పెట్టి పంపుకోవచ్చనే సంగతే మర్చిపోయాం. ఎవడైనా చెయ్యి చాస్తే కాగితం అందులో పెట్టడం అలవాటైపోయింది. అక్కడున్న ఇంజనీర్లు, డాక్టర్లు అందరం వరసలో నిలబడి ఇచ్చాం. నేనైతే ఇకామా కాపీ కూడా జతచేసి మరీ ఇచ్చాను, అడక్కుండానే.

నెల తిరిగాక బాషా కాంటీను దగ్గర కనపడి, "సార్, పాప కొండల మీదికి పోతాదని చెప్తిరి కదా, మానుకుంటిరా?" అన్నాడు.

"లేదే. ఎందుకు?"

"కొరియరాఫీసుకి మాస్టార్ని నేనే తోలుకపోయినా సార్. ఒకటే కవరు. హైదరాబాదుకే పాయె. కొండల మీదికి ఒగటీ పోలా."

మధ్యాహ్నం భోజనం మానేసి తిన్నగా స్టోర్సు కిటికీ దగ్గరికి వెళ్ళాను. ముందు ఇద్దరు ఫిలిప్పీనో వెల్డర్లు ఉన్నారు. వాళ్ళ పని అయిందాకా నా వైపు తలెత్తలేదు ఆయన. నా వంతు వచ్చాక, "ఏం కావాలండీ? ఇండెంటు తెచ్చారా?" అన్నాడు.

"ఇండెంటు కాదు. మా అమ్మాయి ఫారం ఏం చేశారు?"

"పంపేశానండీ."

"ఎక్కడికి?"

"అందరి పిల్లలూ ఎక్కడికెళ్తన్నారో అక్కడికేనండీ. ఒక్క పిల్లని కొండల్లో పారేత్తారేటండీ? కొత్త ఫారం నేనే నింపానండీ. సంతకం కూడా నేనే పెట్టేశాను, మీకు శ్రమెందుకని."

చెయ్యని సాయానికి మెప్పు కోసం చూస్తున్నట్టుంది ఆ మొహం. గొంతు లేవకుండా పట్టుకోవడం నా వల్ల కాలేదు. "నా సంతకం మీరెట్టా పెడతారు? అడిగారా నన్ను?" అని అరిచాను. వెనకాల వరసలో వాళ్ళు సర్దుకుని నిలబడ్డారు. ఆయన మాత్రం కిటికీ పలక మీద ఉన్న దుమ్ము చేత్తో తుడుస్తూ, కొంచెం గొంతు తగ్గించి అన్నాడు:

"ఆ మిలట్రీ ముసలాయన గురించి నేనూ వాకబు చేశానండీ. ఎంత వచ్చినోళ్ళనైనా సరే, మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టిస్తాడంట. మరి నేను రెండేళ్ళు నేర్పింది ఏటవుద్దండీ?"

అదీ సంగతి. చలి కాదు, దూరం కాదు. తెలిసినవాడి ముందు మన పిల్ల నోరు తెరిస్తే తన గుట్టు బయటపడుతుందని ఆయన భయం. అంటే తనకి రాదని ఆయనకి తెలుసు. తెలిసే నొక్కించాడు. ఇన్నేళ్ళయినా నేను క్షమించనిది ఇదే. రానివాణ్ణి క్షమిస్తాను, నాకూ చాలా పనులు రావు. రాదని తెలిసి పిల్లల పెదాలు చీల్చినవాణ్ణి ఎట్లా క్షమించను?

ఆ సాయంత్రమే ఫోను కార్డు కొని కూనూరుకి చేశాను. ఆ పెద్దాయనే ఎత్తాడు. ఫారం రాలేదు, గడువు కూడా దాటిపోయింది అన్నాడు. పిల్ల పెదవి లోపల తెగుతోందని చెప్పాను. "ఫారం సంగతి తర్వాత. ముందు పిల్లని తీసుకురండి" అన్నాడు ఇంగ్లీషులో. నాకు సెలవు దొరకలేదు. సరోజ, ప్రసన్న వెళ్ళారు.

అక్కడేం జరిగిందో సరోజ ఫోన్లో చెప్పింది. మొదటిరోజు ఆ పెద్దాయన పిల్లని కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టి, కింది పెదవి వేలితో మెల్లగా తిప్పి, లోపల చూశాడట. నేర్పినవాణ్ణి ఒక్క మాట అనలేదట. "ఇంకో ఏడాది ఇట్లాగే నొక్కి ఉంటే లోపల కండ గట్టిపడిపోయేదమ్మా. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు" అన్నాడట. తర్వాత, "అక్కడ ఇట్లా ఊదే పిల్లలు ఇంకా ఉన్నారా? వెళ్ళగానే వాళ్ళకి చెప్పండి, ఆలస్యం చెయ్యొద్దు" అని సరోజ చేత ఒట్టు వేయించుకున్నంత పనిచేశాడట. పది రోజులు ట్రంపెట్ ముట్టనివ్వలేదు. తర్వాత ట్రంపెట్ని అరచేతిలో ఊరికే పడుకోబెట్టి ఊదమన్నాడు. వేళ్ళతో పట్టుకోకూడదు. పట్టుకుంటేనే కదా నొక్కేది! మూడోవారానికి అరచేతి మీది ట్రంపెట్ పలికింది. ఆ రోజు ఫోన్లో ప్రసన్న ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. నాకు సగం అర్థం కాలేదు, అయినా కళ్ళు తుడుచుకున్నాను.

సెలవులు అయిపోయి, బళ్ళు తెరిచిన మొదటి గురువారం ప్రసన్నని తీసుకుని హాలుకి వెళ్ళాను. మాస్టారు హైదరాబాదులో కప్పిన శాలువా ఫోటోలు అందరికీ చూపిస్తున్నాడు. మమ్మల్ని చూసి, "ఇప్పుడు ప్లేసు లేదండీ. మొదటి ట్రంపెట్టు మా లలితండీ" అన్నాడు.

నేను బతిమాలాను. అవును, ఆ మనిషిని బతిమాలాను, చేతులు పట్టుకుని. ఊరు మొత్తం మీద నా కూతురు ట్రంపెట్ ఊదగలిగిన చోటు ఆ దుప్పట్ల గది ఒక్కటే. జెడ్డా పోయి ట్రంపెట్ కొనుక్కొచ్చినా, పల్చటి గోడల ఫ్లాటులో ఎక్కడ ఊదుతుంది? "ఒక్కసారి వినండి మాస్టారూ. విని, మీరే చెప్పండి" అన్నాను. అందరూ చూస్తున్నారు కాబట్టి కాదనలేక, బీరువాలోంచి ట్రంపెట్ తీసి ఇచ్చాడు.

ప్రసన్న దాన్ని ఎడమ అరచేతి మీద పడుకోబెట్టుకుంది. ఊదింది. రెండేళ్ళుగా ఆ గదిలో గురువారం గురువారం కూర్చున్నవాణ్ణి, అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. గట్టిగా లేదు, కీచుగా లేదు. పై స్వరానికి వెళ్ళినప్పుడు దాని మొహంలో ఒక్క నరం బిగుసుకోలేదు. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆయన ఆ రోజు కళ్ళు మూసుకోలేదు. రెండు కళ్ళతో ఆ అరచేతినే చూస్తూ కూర్చున్నాడు.

అయిపోయింది.

"గాలి చాల్లేదండీ," అన్నాడు.

ప్రసన్న ఏడవలేదు. "మాస్టారూ, అక్కడి తాతగారు అందరికీ చెప్పమన్నారు. నొక్కితే పెదవి లోపల పాడైపోతుందట. ఇట్లా అరచేతి మీద..." అని మొదలుపెట్టింది. "చూద్దావండీ, చూద్దాం" అంటూ ఆయన ట్రంపెట్ దాని చేతిలోంచి తీసుకుని, నోరు ఆనిన చోట జేబురుమాలుతో తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. అదే ఆఖరు. ప్రసన్న ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటోంది, బాగానే ఉంది. ట్రంపెట్ మాత్రం ఆ రోజు తర్వాత మళ్ళీ పట్టలేదు. ఎన్నిసార్లడిగినా, "ఇప్పుడెందుకులే నాన్నా" అంటుంది.

రెండు నెలల తర్వాత ఒక గురువారం, కాంపౌండులో స్నేహితుడింటికి వెళ్తూ ప్రసన్నా నేనూ హాలు పక్కనుంచి నడిచాం. లోపల ఏసీ చెడిపోయినట్టుంది, నడవా వైపు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పాట. పాట బాగుంది. నాకే బాగుందంటే నిజంగా బాగున్నట్టే. ఓరతలుపులోంచి చూశాను. ట్రంపెట్ పిల్లలు నలుగురూ నిలబడి ఉన్నారు. నలుగురి అరచేతుల మీదా ట్రంపెట్లు!

పాట ఆగాక ఆయన గొంతు. "చూశారా అండీ? ఈ పద్ధతి నేను ఎన్నాళ్ళో ఆలోచించి కనిపెట్టానండీ. హైదరాబాదులో కూడా ఎవరికీ తెలీదండీ." లోపల కూర్చున్న తల్లులు చప్పట్లు కొట్టారు. మొన్న గుంపులో ఒకాయన రాసిన సంగీత భిక్ష ఇదే. నా కూతురి నోటి దగ్గర్నుంచి లాక్కున్న ముద్ద.

నాకు తలుపు తన్నాలనిపించింది. ప్రసన్న నా చెయ్యి పట్టుకుంది. అది కోపంగా లేదు, శ్రద్ధగా వింటోంది. వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. కాసేపు విని, ఓరతలుపులోంచి చూసి, "నాన్నా, లలిత ఇంకా నొక్కుతోంది" అంది.

"అరచేతి మీదే ఉందిగా?"

"అరచేతి మీదే ఉంది, బొటనవేలు పైకి మడిచి లాగుతోంది. పై స్వరం వచ్చినప్పుడల్లా లాగుతోంది చూడు. మాస్టారు దాని వెనకాల నిలబడ్డారు, ఆయనకి కనపడదు. మిగతా ముగ్గురూ బాగానే ఉన్నారు. నువ్వెళ్ళి చెప్పు నాన్నా. నేను చెప్తే వినరు."

నేను చూశాను. నిజమే. మొదటి ట్రంపెట్ కాబట్టి ఎత్తు స్వరాలన్నీ ఆ పిల్లకే వచ్చాయి, వచ్చినప్పుడల్లా వేలు మడుస్తోంది. దాని పెదవి మీద ఆ గుండ్రటి ఎర్ర అచ్చు అంత దూరం నుంచి కూడా కనపడుతోంది. లోపల గట్టిపడితే ఇక లాభం లేదన్న మాట నాకు తెలుసు. ఆ పిల్ల ఇంకా నొక్కుతోందని ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళలో ఎవరికీ తెలియదు, ఆయనతో సహా. రెండడుగులు వేసి తలుపు తోస్తే సరిపోయేది.

"వాళ్ళ నాన్న చూసుకుంటాడులే, పద" అన్నాను.

"ఆయనకి కనపడట్లేదు నాన్నా!"

"తర్వాత చెప్తాలే. పద."

తర్వాత కూడా చెప్పలేదు. స్టోర్సు కిటికీ దగ్గర వారానికి రెండుసార్లయినా ఎదురుపడేవాళ్ళం. చేతి తొడుగులు తీసుకుని, సంతకం పెట్టి వచ్చేసేవాణ్ణి. ప్రతిసారీ ఆ మాట నాలిక చివరిదాకా వచ్చేది. కనిపెట్టావుగా, నువ్వే చూసుకో అనుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు.

ఏడాది తిరక్కముందే లలిత ట్రంపెట్ మానేసింది. చదువు కోసం మాన్పించానని ఆయన చెప్పుకున్నాడు. ఎవరింట్లోనో విందులో చూశాను ఆ పిల్లని. కింది పెదవి ఒక పక్కకి లావుగా ఉంది. చపాతీ చిన్నచిన్న ముక్కలు చేసి, నోటి మూలగా పెట్టుకుని తింటోంది. నన్ను చూసి, "బాగున్నారా అంకుల్" అంది. ఎదురుగా ఆయన ఇంకెవరికో గాలి గురించి చెప్తున్నాడు, కూతురి వైపు చూడకుండా.

ఆ రాత్రి కార్లో వెనక సీట్లో ప్రసన్న కూర్చుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ముందుకి వంగి అడిగింది.

"నాన్నా, అప్పుడు నువ్వు చెప్పావు కదా, లలిత గురించి?"

"చెప్పానమ్మా," అన్నాను. "ఆయనే వినలేదు."

నమ్మింది. ఇప్పటికీ ఆయన మీద దానికున్న కోపమంతా, నేను చెప్తే ఆయన వినలేదనే.